పద్నాలుగో తప్పు

రెండో శనివారం పొద్దున్నే మా ఆయన నన్ను అడిగే మొదటి మాట కాఫీ గురించి కాదు. "గ్లోరీ, ఈ నెల తప్పేమైనా ఉందా?" అని.

నేను అప్పటికి వంటింటి గడప దగ్గర కూర్చుని గోంగూర వలుస్తుంటాను. మా అత్తయ్య అక్కమ్మ గారు పక్కనే పీట వేసుకుని, నేను వలిచిన ఆకులో మళ్ళీ కాడలు ఏరుతుంటుంది. ఆయన అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ, "తొందరగా చెప్పు, మూడింటికి మీటింగు. ఏదో ఒకటి ఉండే ఉంటుంది, ఆలోచించు" అంటారు. ఇంట్లో పంచదార నిండుకుందా అని అడిగినట్టే అడుగుతారు. నేను కూడా డబ్బా మూత తీసి చూసినట్టు ఆ నెలంతా వెనక్కి తిరిగి చూసుకుని, "ఎ.కొండూరు పళ్ళ డాక్టరు గారి కరపత్రంలో ఫోన్ నంబరు అడుగున మరీ చిన్నగా పడిందండీ. పెద్దవాళ్ళకి కనపళ్ళేదట" అని చెబుతాను. "ఆఁ, అది చాలు" అని ఆయన హాయిగా చొక్కా తొడుక్కుంటారు. ఇస్త్రీ చేసిన చొక్కా అని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇదేం చోద్యం అనుకుంటారు కాబట్టి మొదటినుంచీ చెప్పాలి. మా తిరువూరులో ఫ్లెక్సీలు వేసేవాళ్ళు, ఆటోకి మైకు కట్టి తిప్పేవాళ్ళు, కరపత్రాలు రాసేవాళ్ళు, విత్తనాల కంపెనీల తరఫున ఊళ్ళు తిరిగేవాళ్ళు, ఈమధ్య వాట్సాప్‌లో దుకాణాల వీడియోలు పెట్టేవాళ్ళు, అందరూ కలిపి ఓ పాతికమంది ఉంటారు. జనం వీళ్ళని పెద్దగా లెక్కచెయ్యరు. మైకోడొచ్చాడు అంటారు, ఫ్లెక్సీలోడు అంటారు. అది మనసులో పెట్టుకుని, విజయవాడలో ఉన్న మార్కెటింగ్ వృత్తిదారుల గిల్డ్‌కి మూడేళ్ళ కిందట ఇక్కడో శాఖ పెట్టుకున్నారు. అధ్యక్షులు సీతారామారావు గారు, ఎరువుల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు మార్కెటింగ్ చేసి రిటైరైన పెద్దమనిషి. కార్యదర్శి మా ఆయన జోజిబాబు, జోజి పబ్లిసిటీస్ ప్రొప్రైటరు. "గిల్డంటే ఏంట్రా, మన గుళ్ళో మరియదళం లాంటిదా?" అని అడిగింది అత్తయ్య. "అలాంటిదేలే అమ్మా, మాకు జపమాల ఉండదంతే" అన్నారు ఈయన.

జోజి పబ్లిసిటీస్ అంటే బస్టాండు వెనక సందులో ఒక షట్టరు, ఒక కంప్యూటరు, ఒక మైకు సెట్టు, మా ఆయన మాట. ఆయన మాట నిజంగా బావుంటుంది, కాదనను. దుకాణంలోకి వెళ్ళి కూర్చుంటే పని తీసుకునే లేస్తారు. ఆ తీసుకున్న పనిలో రాయాల్సిందీ, ఎక్కడ ఏ రంగు పడాలో, ఏ రోజు ఏ ఊళ్ళో మైకు తిరగాలో, అదంతా సాయంత్రం ఇంటికొచ్చాక "కాస్త చూడు గ్లోరీ" అనే మూడు మాటల్లో నా దగ్గరికి వస్తుంది. మా నాన్న గంపలగూడెం వైపు బడిపంతులు. నన్ను బి.ఏ. చదివించారు. పెళ్ళైన కొత్తలో మామయ్యకి మందులు వేస్తూ, పొయ్యి మీద పాలు పొంగకుండా చూస్తూ, ఒక బట్టల కొట్టు కరపత్రం రాసిచ్చాను. అది అప్పుడు సాయం. పదకొండేళ్ళ తరవాత కూడా దాని పేరు సాయమే. ఎవరన్నా వచ్చి "అమ్మగారు ఏం చేస్తుంటారండీ?" అంటే "ఇంట్లోనే ఉంటుందండి, ఖాళీ" అంటారు మా ఆయన. మొదట్లో ఆ ఖాళీ అన్న మాటకి నాకు నవ్వొచ్చేది. తరవాత్తరవాత నవ్వడం మానేశాను, ఆయన గమనించలేదు.

శాఖ పెట్టినప్పుడు విజయవాడ నుంచి గిల్డ్ లక్ష్యాలు, కార్యక్రమాలు అని ఇంగ్లీషులో నాలుగు కాగితాలు వచ్చాయి. "తెలుగులో పెట్టు. మరీ గ్రాంథికంగా వద్దు, మనవాళ్ళు నిలబడి చదవాలి" అని ఇచ్చారు. ఆదివారం పూజ నుంచి వచ్చి చేపలు తోముతూ, చెయ్యి కడుక్కోవడం, ఒక వాక్యం రాయడం, మళ్ళీ చేపలు. అలా రాశాను. మన పనిని మనమే చిన్నచూపు చూడకూడదు అన్నది మొదటి లక్ష్యం. ఒకరు చేసిన పనిని ఇంకొకరు తమదని చెప్పుకోకూడదన్నది రెండోది. లేనిది ఉన్నట్టు చెప్పి అమ్మకూడదన్నది మూడోది. కొత్తగా వచ్చేవాళ్ళకి తెలిసింది నేర్పాలి, చేసిన తప్పు దాచకుండా పదిమందిలో చెప్పుకోవాలి, అవి నాలుగూ అయిదూ. ఆ రెండోది రాసినప్పుడు చేప పొలుసు ఒకటి కాగితానికి అంటుకుంది. గోటితో గీకి పారేసి మూడోదానిలోకి వెళ్ళాను. అప్పుడు నాకేమీ తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపమొస్తుంది.

గిల్డ్ మంచిది కాదని నేననను. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకి ప్రకటన రాయడం మీద వారం రోజులు క్లాసులు చెబుతారు. కంటి శిబిరమో రక్తదానమో ఉంటే మైకు ఉచితంగా తిప్పుతారు. ఒకరి ఖాతాదారుణ్ణి ఇంకొకరు లాక్కుంటే కూర్చోబెట్టి మాట్లాడతారు. అన్నిటికంటే నాకు నచ్చింది వాళ్ళ తప్పుల వంతు. ప్రతి నెలా రెండో శనివారం విత్తనాల కొట్టు మీద గదిలో కుర్చీలు వరసగా వేసుకుని, ఆ నెలలో తమ పనిలో జరిగిన తప్పు ఒక్కొక్కరూ వరసలో లేచి చెప్పాలి. ఒక్క కుర్చీని కూడా వదిలేసి ముందుకు పోవడానికి లేదు. ఏమీ లేకపోతే లేదని చెప్పి కూర్చోవాలి. తప్పులన్నీ అయ్యాకే టీ. ఒకరి తప్పు వల్ల పదిమంది నేర్చుకుంటారు. ఎంత బావుంది చెప్పండి! నేనే గనక ఆ గదిలో ఉంటే ఎన్ని చెప్పేదాన్నో.

కానీ అక్కడ నా తప్పులు చెప్పేది మా ఆయన. "మా ఆవిడ చిన్న పొరపాటు చేసిందండీ" అని మొదలుపెడతారట. అందరూ నవ్వుతారట. ఇంటి తప్పు కూడా దాచుకోని నిజాయితీపరుడని సీతారామారావు గారు భుజం తడతారట. ఇవన్నీ ఆయనే వచ్చి చెబుతారు, ఎందుకంటే ఆ మీటింగు మినిట్స్ రాసేది కూడా నేనే. కార్యదర్శి రాయాలి. "నా రాత కోడి కెలికినట్టుంటుంది, నువ్వు రాయి" అని పుస్తకం నా ముందు పడేసి, కాళ్ళు చాపుకుని చెబుతుంటే నేను రాస్తాను. ఆ పుస్తకంలో రెండు కాలమ్‌లు ఉంటాయి. మెచ్చుకున్న పని పక్కన సంస్థ పేరు రాస్తారు. తప్పు పక్కన మాత్రం మనిషి పేరు రాయాలి, ఎవరి తప్పో స్పష్టంగా తెలియాలని. కాబట్టి మెప్పు కాలమ్‌లో జోజి పబ్లిసిటీస్ అనీ, తప్పు కాలమ్‌లో శ్రీమతి గ్లోరి అనీ నా చేత్తోనే రాస్తూ వచ్చాను.

తప్పులు నావే, అబద్ధమెందుకు. నెమలి ఊళ్ళో వేణుగోపాలస్వామి కల్యాణానికి జనం బాగా వస్తారని ఒక చీరల కొట్టువాళ్ళు మైకు ప్రచారం ఇచ్చారు. నేను సొంపుగా రాశాను, పొడుగ్గా రాశాను. పట్టుచీర కొన్న ఆడపడుచులకు జాకెట్టు గుడ్డ ఉచితం అని మొదలై, ఆదివారం ఒక్కరోజే అని చివర్న. వంటింట్లో కూర్చుని చదువుకుంటే ఎంత బావుందో! కానీ మైకు కట్టిన ఆటో ఆగదు కదా. వాక్యం పూర్తయ్యేసరికి ఆటో వీధి దాటిపోయింది. ముందు వీధివాళ్ళకి గుడ్డ ఉచితమని వినపడింది, ఆదివారం సంగతి పక్క వీధివాళ్ళకి వినపడింది. సోమవారం పొద్దున్నే కొట్టు ముందు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు, గుడ్డ ఇస్తేగానీ లేవమని. మా ఆయన ఆ రోజు నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను. కానీ ఆ తప్పు నుంచే నేనొకటి నేర్చుకున్నాను. ఇంటి గేటు దగ్గర నిలబడి, ఆటో మలుపు తిరిగేలోపు ఎన్ని మాటలు పడతాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. తొమ్మిది. అప్పట్నుంచి మైకుకి తొమ్మిది మాటలు దాటి రాయను. ఈ తొమ్మిది మాటల సంగతి మా ఆయన గిల్డ్ క్లాసుల్లో పిల్లలకి పాఠంగా చెబుతున్నారు. తప్పు మాత్రం నా పేరు మీదే ఉంది.

ఇక మామిడిపళ్ళ సంగతి. రెడ్డిగూడెం వెంకటప్పయ్య గారు తన తోట కాయల్ని పెట్టెల్లో పెట్టి నేరుగా హైదరాబాదు అపార్ట్‌మెంట్లకి పంపడం మొదలుపెట్టారు. మొదటి ఏడు అంతా గోలే. పచ్చికాయలు పంపారని ఒకరు, పుల్లగా ఉన్నాయని ఒకరు. పెట్టె మీద అమృతఫలం అని పెద్దక్షరాలతో వేయిద్దామని మా ఆయన ఆలోచన. "పెట్టె విప్పే ఆవిడకి అమృతం సంగతెందుకండీ, ఎప్పుడు కొయ్యాలో చెబితే చాలదూ" అన్నాను. పెట్టెలో పెట్టడానికి చిన్న చీటీ రాశాను. "శుక్రవారం కోశాం. మంగళవారానికి పండుతాయి. అందాకా గడ్డిలోంచి తియ్యకండి. ముందు మెత్తబడింది ముందు తినండి. ఇట్లు, వెంకటప్పయ్య, రెడ్డిగూడెం." అంతే. మొదటి విడత దాటాక ఆ ఏడు ఒక్క ఫిర్యాదు లేదు. "మంగళవారం అన్నారు, మంగళవారమే పండాయండీ" అని జనం పనిగట్టుకుని ఫోన్లు చేశారు. ఆ చీటీకి విజయవాడ గిల్డ్ వార్షికోత్సవంలో మా ఆయనకి షీల్డు ఇచ్చారు. "రోజూ గడ్డి తీసి కాయ నొక్కి చూసుకునే గృహిణి మనసు నాకు తెలుసు" అని వేదిక మీద చెప్పారట. అయ్యో రామ! ఈయన జన్మలో ఒక్క కాయ నొక్కి చూసిన మనిషి కాదు. కోసి ప్లేటులో పెడితే టెంకె ఎవరికి అని మాత్రం అడుగుతారు. ఆ షీల్డు టీవీ మీద అరలో ఉంది. శనివారం శనివారం దాని దుమ్ము దులిపేది నేను.

ఇంతవరకూ ఓర్చుకున్నానంటే, మొగుడి పేరు వేరు నా పేరు వేరు అనుకోవడం నాకెవరూ నేర్పలేదు కాబట్టి. మా అమ్మ అయితే ఇప్పటికీ "ఇద్దరిదీ ఒకటేగా తల్లీ" అంటుంది. సరే, ఒకటే అనుకున్నాను. జూన్‌లో ఆ ఒకటి కాస్తా రెండైంది.

ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు అడ్మిషన్లకి ఫ్లెక్సీ అడిగారు. మంచి మార్కులొచ్చిన పిల్లల ఫొటోలు కావాలి. వాళ్ళ దగ్గర ఉన్నవి మూడే. నాలుగో మూల బోసిగా ఉందని మా ఆయన ఇంటర్నెట్‌లోంచి వేరే ఊరి పిల్ల ఫొటో ఒకటి పట్టుకొచ్చారు. "ఈ పిల్ల వాళ్ళ బళ్ళో చదవలేదు కదండీ" అన్నాను. "ఎవరు చూస్తారే" అన్నారు. "మూడో లక్ష్యం మీరే కదా నిలబడి చదివిస్తారు?" అన్నాను. "నీతులు చెప్పకు, పని చెయ్యి" అన్నారు. నేను చెయ్యనన్నాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఇచ్చిన పని నేను చెయ్యననడం అదే మొదలు. ఆయనే రాత్రికి రాత్రి కాదు, మర్నాడు మధ్యాహ్నం తీరిగ్గా షాపులో కూర్చుని ఆ ఫొటో అతికించి ప్రింటుకి ఇచ్చారు. వారం తిరక్కుండా ఆ పిల్ల తండ్రి బస్సులో పోతూ కిటికీలోంచి కూతురి బొమ్మ చూశాడు. దిగి, ఎవరు వేశారో ఆరా తీసుకుంటూ గిల్డ్ మీటింగుకే వచ్చి నిలబడ్డాడు. నా కూతురు బొమ్మ మీకు ఎవరిచ్చారని అడిగాడు. పాపం, అడగడా మరి?

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి, కాళ్ళు చాపుకుని, ఎప్పట్లాగే "రాసుకో" అన్నారు. "స్కూలు ఫ్లెక్సీలో ఫొటోలు కలిసిపోయాయి. శ్రీమతి గ్లోరి ఇంటిపనుల హడావిడిలో సరిగ్గా చూసుకోలేదు. కార్యదర్శి క్షమాపణ చెప్పారు. ఆ తండ్రి పెద్దమనసుతో అంగీకరించారు."

పెన్ను ఆగిపోయింది. "అది నేను చెయ్యలేదు కదండీ" అన్నాను.

"తెలుసులేవే. నా పేరు మీద పడితే కార్యదర్శి పదవి పోతుంది, సభ్యత్వమే పోవచ్చు. నీ పేరు మీద పడితే నీకేం పోతుంది? నువ్వేమన్నా మెంబరువా?"

రాశాను. నా చేత్తో, గుండ్రటి అక్షరాలతో, శ్రీమతి గ్లోరి అని రాశాను. రాశాక అన్నం వడ్డించాను. ఆయన చారు బావుందన్నారు. అలా రాసినందుకు నేనేమీ ఏడవలేదు. పది రోజుల తరవాత చీరల కొట్టుకి వెళ్తే, కౌంటరు దగ్గరున్న ఓనరు నవ్వుతూ, "ఈసారి మా మోడలు ఫొటో మాకే వెయ్యమ్మా, ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని వెయ్యకు" అన్నాడు. కొట్లో ఉన్న ఆడవాళ్ళందరూ నా వంక చూశారు. ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వచ్చి, చెప్పులు విడవకుండానే బావి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. తొమ్మిది మాటల సంగతి కనిపెట్టిన మనిషిగా ఊరు నన్నెరగదు. ఒకరి కూతురి బొమ్మ వాడుకున్న మనిషిగా ఎరుగుతుంది.

జూలై రెండో శనివారం పొద్దున్నే ఆయన మళ్ళీ "ఈ నెల తప్పేమైనా ఉందా?" అని అడిగారు. "ఏం లేదండీ" అన్నాను. "అస్సలు లేకుండా ఎట్లా?" అని విసుక్కున్నారు. అత్తయ్య గోంగూర కాడ ఏరుతున్నది ఏరుతూనే తలెత్తి, "ఇదెక్కడి సంఘంరా జోజీ? గుళ్ళో ఫాదరు గారి దగ్గర మోకాళ్ళేస్తే పాపసంకీర్తనంలో ఎవరి పాపం వాళ్ళు చెప్పుకుంటారు. నువ్వెళ్ళి నెలనెలా పెళ్ళాం పాపం చెప్పొస్తావేంట్రా?" అంది. ఆయన పకపకా నవ్వి, "నీకు తెలీదులేమ్మా" అని వెళ్ళిపోయారు. అత్తయ్య నన్ను వెనకేసుకొచ్చి అన్నదని అనుకోను. ఆవిడకి నిజంగానే అనుమానం వచ్చి అడిగింది. కానీ ఆ మాట నా చెవిలో నిలబడిపోయింది.

ఆ మీటింగుకి విజయవాడ గిల్డ్ నుంచి సభ్యత్వాల బాధ్యత చూసే స్నిగ్ధ గారు వచ్చారు. ముప్ఫై దాటి ఉండవు. మీటింగయ్యాక సీతారామారావు గారూ ఆవిడా మా ఇంటికి టీకి వచ్చారు. "మీ శాఖలో ఒక్క ఆడమనిషి కూడా సభ్యురాలు కాదేంటండీ?" అని ఆవిడ అడిగింది. "మా ఆడవాళ్ళకి అంత తీరికెక్కడిదమ్మా" అన్నారు సీతారామారావు గారు. నేను అప్పుడు గారెల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఫ్రిజ్ మీద అంటించుకున్న మామిడి చీటీ ఆవిడ కంట పడింది. "అబ్బ, ఇదేనా? ఎంత బావుందో. గడ్డిలోంచి తియ్యకండి అనడం ఎలా తట్టిందండీ మీకు?" అని మా ఆయన్ని అడిగింది. ఆయన నా వంక చూడకుండా, "అనుభవం అండీ" అన్నారు. నేను ఇంకో గారె వెయ్యమంటారా అని అడిగాను. వెళ్ళేటప్పుడు ఆవిడ ఒక దరఖాస్తు ఫారం బల్ల మీద పెట్టి, "ఎవరన్నా మహిళలుంటే ఇవ్వండి, ఆగస్టు మీటింగుకి నేనే వచ్చి తీసుకుంటాను" అంది. వాళ్ళు వెళ్ళాక చూస్తే దాని మీద టీ గ్లాసు పెట్టి ఉంది. గుండ్రంగా మరక పడింది. తుడిచి దాచుకున్నాను.

మర్నాడు ఆయన్ని అడిగాను, నేను చేరతానండీ అని. కోప్పడలేదు, నవ్వారు. "ఇంటికొకరు చాలదూ? అక్కడికొచ్చి పాతికమంది మగాళ్ళ మధ్య ఏం కూర్చుంటావు? అయినా రెండేళ్ళ పని రుజువు కావాలి. ఖాతాదారు ఉత్తరం ఇవ్వాలి, లేకపోతే గిల్డ్ రికార్డుల్లో నీ పని ఉండాలి. ఏది, ఒక్కటి చూపించు. ప్రతి కాగితం మీదా నా పేరేగా ఉంది" అన్నారు. వెంకటప్పయ్య గారికి ఫోన్ చేశాను. మంచి మనిషి. చాలాసేపు దగ్గి, "చీటీ నువ్వే రాశావని నాకు తెల్సమ్మా. మొదట్లో నువ్వే కదా ఫోన్లో తేదీలు అడిగిందీ. కానీ నీ పేరుతో ఉత్తరమిస్తే జోజి ఏమనుకుంటాడు? మొగుడూ పెళ్ళాల మధ్య నన్ను పెట్టకు తల్లీ" అన్నారు. ఇంకో ఇద్దరికి చేశాను. అదే మాట, వేరే గొంతులు. పదకొండేళ్ళు పనిచేసి నేను పనిచేశానని చెప్పే ఒక్క కాగితం లేదు. ఆ మధ్యాహ్నం ఎంత ఒంటరిగా అనిపించిందో, అంట్లు తోముతూ నీళ్ళు పొంగిపోతున్నా కుళాయి కట్టలేదు.

ఆగస్టు మీటింగుకి ముందురోజు, శుక్రవారం, జూలై మినిట్స్ సాపు చెయ్యడానికి పుస్తకం తెరిచాను. తారీకు వెతుక్కుంటూ వెనక పేజీలు తిప్పాను. శ్రీమతి గ్లోరి, నెమలి మైకు ప్రచారం, వాక్యం పొడవు. శ్రీమతి గ్లోరి, ఎ.కొండూరు కరపత్రం, ఫోన్ నంబరు. శ్రీమతి గ్లోరి, రెడ్డిగూడెం మామిడి, మొదటి విడత చీటీల్లో కోత తేదీ వెయ్యడం మరచుట. మళ్ళీ మొదటి పేజీ నుంచి వేలు పెట్టుకుని చదివాను. మూడేళ్ళలో పద్నాలుగు చోట్ల నా పేరు. ప్రతిదాని పక్కనా ఏ పని, ఏ ఊరు, ఏ తేదీ. ప్రతి పేజీ కిందా అధ్యక్షుల సంతకం, కార్యదర్శి సంతకం. నవ్వొచ్చింది నాకు, గట్టిగానే నవ్వాను. అవతల గదిలోంచి అత్తయ్య "ఏంటమ్మాయ్?" అంది. "ఏం లేదత్తయ్యా, పోయిందనుకున్నది దొరికింది" అన్నాను. ఫారం తీసి, రుజువు అన్నచోట, గిల్డ్ మినిట్స్ పుస్తకం అని రాశాను.

శనివారం పొద్దున ఆయన అద్దం ముందు నిలబడ్డారు. "గ్లోరీ, ఈ నెల తప్పేమైనా ఉందా?"

"ఉందండీ. నేనే వచ్చి చెప్పుకుంటాను" అన్నాను.

దువ్వెన ఆగింది. "ఏంటి, వేళాకోళమా?" అన్నారు. గోంగూర చేట అత్తయ్య ముందుకి జరిపి లేచాను. నా చీర నేనే ఇస్త్రీ చేసుకున్నాను. ఆయన చొక్కా ఆ రోజు ఆయనే చేసుకున్నారు, దాని చేతులు ముడతలు పడ్డాయి.

మూడింటికి విత్తనాల కొట్టు మెట్లెక్కాను. గదిలో పురుగుమందుల వాసన, తిరుగుతున్న ఫ్యాను, ప్లాస్టిక్ కుర్చీలు. నన్ను చూసి ఇద్దరు ముగ్గురు లేచి "రండమ్మా, టీ ఇంకా పెట్టలేదు" అన్నారు, టీ చూడ్డానికొచ్చాననుకుని. వరసలో కార్యదర్శి కుర్చీకి ముందు వచ్చే పక్క కుర్చీలో కూర్చున్నాను. అందరూ నిలబడి లక్ష్యాలు చదివారు. నేను రాసిన మాటలు పాతిక గొంతుల్లో వినడం అదే మొదటిసారి. ఒకరు చేసిన పనిని ఇంకొకరు తమదని చెప్పుకోకూడదు అని మా ఆయన గొంతు కూడా నా పక్క నుంచి స్పష్టంగా పలికింది.

స్నిగ్ధ గారు దరఖాస్తు తీసుకుని, రుజువు దగ్గర ఆగి, "మినిట్స్ పుస్తకమా?" అంది. నేను పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాను. మైకు సంగతి దగ్గర కొందరు పాత అలవాటుగా నవ్వారు. అయిదోది వచ్చేసరికి నవ్వు తగ్గింది. మామిడి చీటీల్లో తేదీ మరచుట అని చదివినప్పుడు స్నిగ్ధ గారు తలెత్తి మా ఆయన వంక చూసింది. ఆయన వంగి, "పరువు తియ్యడానికొచ్చావా? పద ఇంటికి" అన్నారు నా చెవిలో. నేను తరవాతి పేజీ తిప్పాను.

సీతారామారావు గారు ఇబ్బందిగా కదిలారు. "అమ్మా, పని చూపించమంటే తప్పులు చూపిస్తున్నావు. ఇదెట్లా రుజువవుతుంది?"

"చీటీ నేను రాయకపోతే అందులో తేదీ మర్చిపోయింది నేనెట్లా అవుతానండీ?" అన్నాను. "ఆ తప్పులు నావని మూడేళ్ళుగా మీరంతా విన్నారు. కింద మీరే సంతకాలు పెట్టారు. తప్పు నాదైనప్పుడు పని ఎవరిదండీ?"

సీతారామారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పుస్తకం తన వైపు తిప్పుకుని, తన సంతకాలు తనే చూసుకున్నారు. చివరికి, "మన రికార్డు మనం కాదనలేం కదా" అని స్నిగ్ధ గారి వైపు ఫారం జరిపారు. ఆవిడ సంతకం పెట్టి, టీ మరక మీద చెయ్యి పడితే దాన్ని చూసి, నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చింది. "గ్లోరి గారూ, ఇక మీరు సభ్యురాలు. ఇవాళ తప్పుల వంతు మీతోనే మొదలుపెడదాం" అంది.

లేచి నిలబడ్డాను.

"ఈ పుస్తకంలో నా పేరు మీద పద్నాలుగు తప్పులున్నాయి. పదమూడు నావే, ఒప్పుకుంటున్నాను. పద్నాలుగోది, ఆ పిల్ల ఫొటో పెట్టిన తప్పు, నాది కాదు. నాది కాదని తెలిసీ నాదేనని నా చేత్తో ఇందులో రాశాను. అదీ నా తప్పు. ఇంకెప్పుడూ చెయ్యను."

కూర్చున్నాను. వరసలో తరవాతి కుర్చీ మా ఆయనది.